పాత ఆటపలకలు

బాసర క్షేత్రమునకు వచ్చువారిలో చిన్నబిడ్డల తలిదండ్రులు పెక్కుమంది. గోదావరిలో స్నానము చేసి, జ్ఞానసరస్వతీ సన్నిధిని బిడ్డచేత మొదటి యక్షరము దిద్దించి, పలకాబలపములను మూటగట్టుకొని, రైలువేళకు స్టేషనునకు మరలిపోవుదురు. ఒకనాడు అక్కడ సత్రపు అరుగుమీద నేను చూచిన ముచ్చటతో ఈ ప్రసంగమును మొదలుపెట్టెదను. అక్షరాభ్యాసము ముగిసిన యొక బాలుని తాత, బండికి ఇంకను వేళ యున్నదని కాబోలు, మనుమని చేతిలోని బలపమును తీసికొని అరుగుమీద ముక్కోణముగా గీతలు గీసెను. మూడు గులకరాళ్లను చూపి ఇవి పులులనెను. జేబులోని చింతగింజలను దీసి ఇవి మేకలనెను. పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఆట మొదలుపెట్టెను. అమ్మవారి సన్నిధిని అక్షరము వ్రాసిన బలపము గంటయైనను గడువకముందే పులిజూదమునకు పనికివచ్చినది. ఇందుకు అమ్మవారు కోపించి యుండదనియే నా నమ్మకము.

నేను ముప్పది సంవత్సరములుగా పాత ఆటపలకలను సేకరించుచున్నాను. కొయ్యతో చేసిన వామనగుంటల పీటలు, గుడ్డమీద కుట్టిన పచ్చీసు పటములు, అరిగిపోయిన గవ్వలు, చదరంగపు బలగములలో మిగిలిన ఒంటరి గుర్రములు, ఏనుగులు నా యింట ఒక గదినిండ నున్నవి. ఇంటివారికి ఆ గది యన్న ప్రీతి లేదు. పూర్వులు ఎత్తువేసి, పైయెత్తు నూహించి ఆడిన యాటలన్నచో నాకు మక్కువ. వైకుంఠపాళి వంటి వానిలో పాచిక చెప్పినట్లు నిచ్చెన యెక్కుటయు, పాము నోటబడుటయు తప్ప ఆడువాని బుద్ధికి పనిలేదు గనుక వానిని నేను అంతగా వెదకలేదు. అష్టాచెమ్మా, పచ్చీసులలో గవ్వ చెప్పినది సగము, మనము తలచినది సగము. ఏ కాయను నడిపింపవలెను, దేనిని గడిలో దాచవలెను అను విచారము ఆడువానిదే. పులిజూదము, దాడి, వామనగుంటలు, చదరంగము అను నాలుగింటిలోను గవ్వకు చోటే లేదు. గెలిచినను ఓడినను అది మన తెలివియే, మన పొరపాటే.

ఈ వస్తువులకై వెదకువానికి మన ఉత్తర తెలంగాణము మంచి చోటు. ఆదిలాబాదు అడవుల టేకు ఉన్నది. నిర్మలలో తరతరములుగా పొణికి కొయ్యతో బొమ్మలు చేయు నకాషీలున్నారు. వారి పనికి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నకాషీలు కొయ్యబొమ్మకు పైపూతగా చింతగింజల పిండిని వాడుదురు. వామనగుంటలలో కాయలుగా వాడునది ఆ చింతగింజనే. ఇంటి పెరటి చింతచెట్టు ఇటు బొమ్మకును అటు ఆటకును సామగ్రి నిచ్చినది.

ఇంతవరకు చెప్పినది వస్తువుల మాట. వస్తువు చేతికి వచ్చిన మాత్రమున ఆట చేతికి రాదని నేను ఆలస్యముగా తెలిసికొంటిని. ఆ సంగతిని దాచక చెప్పెదను.

చాల యేండ్ల క్రిందట భైంసాకు ఆవలి పల్లెలో ఒక యింట పాత వామనగుంటల పీట యున్నదని విని పోయితిని. ఇంటి పెద్దది ఒక అవ్వ. మడతబందులు వేసిన టేకుపీట. విప్పిన నిరువైపుల ఏడేసి గుంటలు, మొత్తము పదునాలుగు. గుంటల యంచులు మూడు తరముల వ్రేళ్ల రాపిడికి అద్దమువలె నున్నవి. ఆ అవ్వ నన్ను కూర్చుండుమని మజ్జిగ యిచ్చి, పీటను నడుమ పెట్టి, "ఒక్క ఆట ఆడుదమా కొడుకా? మూడు తీర్లు వస్తయి నాకు" అని యడిగెను. నేను పీట పొడవు వెడల్పులు కొలిచితిని, గుంట లోతు కొలిచితిని, కొయ్య జాతి వ్రాసికొంటిని. రైలువేళ యగుచున్నదని చెప్పి, పీటకు తగిన వెల నిచ్చి, ఆట మరియొకసారి యని లేచి వచ్చితిని. మరుసటి సంవత్సరము పోవునప్పటికి ఆమె లేదు. కోడండ్రకు తెలిసినది ఒక్క తీరే. అది మీ యిండ్లలో అందరికిని తెలిసినదే. గుంటకు అయిదేసి గింజలు పోసి, ఒక గుంటలోనివి తీసి ముందరి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుకొనుచు పోవలెను. చేతిలోనివి అయిపోయిన, తరువాతి గుంటలోనివి తీసి మరల పంచవలెను. ఆ తరువాతి గుంట వట్టిదైనచో, దానిని దాటిన గుంటలోని గింజలు మనవి. మిగిలిన రెండు తీర్లు ఆ అవ్వతో పోయినవి. పీట మాత్రము నా గదిలో నున్నది.

దీని బరువు నాకు పూర్తిగా తెలిసినది ఒక దూరదేశపు వృత్తాంతము చదివినప్పుడు. ఇరాకు దేశమున ఊరు అను పురాతన నగరమున్నది. 1920వ దశకములో లియొనార్డు ఊలీ అను ఆంగ్లేయుడు అచటి రాజసమాధులను త్రవ్వించినప్పుడు, గవ్వచిప్పలను నీలిరాళ్లను పొదిగిన ఆటపలకలు దొరకినవి. ఒక్కొక్కదానిలో ఇరువది యిండ్లు. అవి సుమారు 4,500 యేండ్లనాటివి. చూచినవారందరును మెచ్చిరి, ఆడుటెట్లో ఎవరికిని తెలియదు. లండనులోని బ్రిటిషు మ్యూజియములో 1880వ సంవత్సరము నుండి ఒక మట్టిపలక పడియుండెను. క్రీస్తునకు పూర్వము 177వ సంవత్సరమున బాబిలోను నగరపు లేఖకుడొకడు దానిపై ఈ యాట పద్ధతిని వ్రాసిపెట్టెను. ఆ మ్యూజియమున పనిచేసిన ఇర్వింగు ఫింకెలు అను పండితుడు నూరేండ్ల తరువాత దానిని చదివి అర్థము చేసెను.

ఈ కథలో మనవైపు నడచిన భాగము మరియొకటి యున్నది. ఇరువది యిండ్ల యాట వంటిదే మన దేశమున కొచ్చి పట్టణపు యూదుల యిండ్లలో ఇటీవలి కాలమువరకు ఆడుచుండిరని ఫింకెలు తెలిసికొనెను. అప్పటికి ఆ యూదులలో పెక్కురు ఇజ్రాయేలు దేశమునకు వలసపోయియుండిరి. ఆయన విచారణ చేయింపగా, కొచ్చిలో పుట్టి అక్కడికి పోయిన యొక వృద్ధురాలు బాల్యములో తాము ఆడిన విధమును చెప్పెను. రాజసమాధిలోని రత్నఖచితమైన పలక చెప్పలేని దానిని ఒక ముసలమ్మ చెప్పినది! ఇది చదివిన రాత్రి భైంసా పల్లె మజ్జిగ నాకు జ్ఞాపకము వచ్చినది.

ఇక చదరంగము. రాజులు ఆడిన యాట గనుక దాని చరిత్ర వ్రాతలలో దొరకును. రథ గజ తురగ పదాతులను నాలుగంగముల సేన చతురంగము. ఏడవ శతాబ్దిలో బాణుడు హర్షచరితములో ఈ యాటను స్మరించినాడు. మన దేశమునుండి పారసీకమునకు పోయి చత్రంగ్ అయినది. అరబ్బుల నోట శత్రంజ్ అయినది. వారి వెంట ఐరోపాకు పోయినది. పిమ్మట ఫారసీ పలుకుతో దక్కనునకు మరలివచ్చి, మన చదరంగము ప్రక్కననే హైదరాబాదులో షత్రంజ్ అని మరియొక పేరుతో నిలిచినది. మన ప్రాంతము కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండిన కాలమున, అనగా 12వ శతాబ్దిలో, మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృత గ్రంథము రచించెను. పాకము, గజశిక్షణము, చిత్రలేఖనములతో పాటు చదరంగమునకును, పాచికలకును, గవ్వలాటకును ఆ రాజు తన గ్రంథమున చోటిచ్చెను. కృష్ణదేవరాయల కొలువులో బొడ్డుచర్ల తిమ్మన యను కవి రాయలతో చదరంగమాడి గెలుచుచుండెననియు, అందులకై కొప్పోలు గ్రామమును బహుమానముగా పొందెననియు చెప్పుదురు. మైసూరున మూడవ కృష్ణరాజ ఒడయరు (1794-1868) మరింత ముందుకు పోయెను. గుర్రపు నడకతో గళ్లన్నియు చుట్టివచ్చు చిక్కుప్రశ్నలను కల్పించి, క్రొత్త యాటలను పుట్టించి, వాని పద్ధతులను కూడ వ్రాయించెను. అందుచేతనే ఆయన యాటలు నేటికిని ఆడదగియున్నవి.

ఐరోపాకు పోయిన చదరంగము అచట మారిపోయినది. మన మంత్రి పూర్వము మూలగా ఒక్క గడి మాత్రమే నడచువాడు. 15వ శతాబ్దపు చివర అక్కడివారు ఆ స్థానమున రాణిని నిలిపి, గళ్లన్నిటిపై అధికార మిచ్చిరి. బంటునకు మొదటి యెత్తులో రెండడుగులిచ్చిరి. మన పల్లెలలో మాత్రము బంటు ఒక్కడుగే వేయుటయు, రాజు ఒకసారి గుర్రపు దూకుడు దూకుటయు చాలకాలము నిలిచినవి. పంజాబునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఒక జమీందారు సేవకుడు. దేశీయపద్ధతిలో నేర్చినవాడు. తరువాత ఐరోపా పద్ధతిని నేర్చుకొని, ఇంగ్లండునకు పోయి 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియనుగా నిలిచెను. నేడు మన తెలుగుబిడ్డలు కోనేరు హంపి, వరంగల్లు వాడైన ఎరిగైసి అర్జునుడు లోకమంతయు ఎరిగిన ఆటగాండ్రు. వారాడునది ఆ మారి తిరిగివచ్చిన చదరంగమే. దేశీయపు ఎత్తులు తెలిసినవారు మీలో ఇంకను ఉండవచ్చును. మనుమనితో ఆడునప్పుడు "తాతా, అట్లా నడవది" అని వాడు తప్పుపట్టిన యెడల, తప్పు మీది కాదు.

దంతపు చదరంగపు బలగములను చూడగోరువారు హైదరాబాదులోని సాలార్జంగు మ్యూజియమునకు పోవచ్చును. మూడవ సాలార్జంగు సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16వ తేదీన అది తెరువబడినది. అక్కడ పులిజూదపు బండను గూర్చి అడిగినవారు నావంటి పిచ్చివారే కావలెను.

పులిజూదమునకు దంతము అక్కరలేదు, పలకయు అక్కరలేదు. ఒక శిఖరము, అందుండి దిగు నాలుగు గీతలు, వానికి అడ్డముగా మూడు గీతలు, అడుగున ఒకటి, ఇరుప్రక్కల రెండు నిలువు గీతలు. కలయు చోట్లు 23. పులులు మూడు, మేకలు పదునైదు. చదరంగములో ఇరువైపుల సేనయు సమానము. ఇచట అట్లు కాదు. పులి మేకపై దూకి చంపును. మేక పులిని చంపలేదు. మేకలన్నియు కలిసి పులికి కదలుటకు చోటు లేకుండ కట్టివేయవలెను. ఈ న్యాయము నెరిగిన యాటలు ఇతర దేశములలోను కలవు. నేపాళమున నాలుగు పులులకు ఇరువది మేకలను నిలుపుదురు. ఐరోపాలో ఒక నక్కను బాతులమంద చుట్టుముట్టును. అయినను బీదవాని మందకును అడవిమృగమునకును నడుమ నున్న పోరును ఇంత సూటిగా గీసిన యాట మరియొకటి లేదని నా యభిప్రాయము. నేను పక్షపాతిని కావచ్చును.

దాడి దీనికంటె శాంతమైన యాట. ఒకదానిలో నొకటిగా మూడు చదరములు, చోట్లు 24, ఒక్కొక్కరికి తొమ్మిదేసి కాయలు. మూడు కాయలు వరుసకు వచ్చిన దాడి. అప్పుడు ఎదుటివాని కాయ నొకటి తీసివేయవలెను. హంపీ రాతినేలలమీద ఇటువంటి ఆటల గీతలు నేటికిని చూడవచ్చును. ఇంగ్లండులో ఈ దాడినే పచ్చికనేలలో త్రవ్వి ఆడెడివారు. అతివృష్టిచే ఆ గీతలు బురదతో పూడిపోయినవని షేక్స్పియరు మహాకవి తన మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ నాటకమున గంధర్వరాణిచేత చెప్పించినాడు. ఆటపలక నీటమునిగిన మన ప్రాంతపు సంగతి నొకదానిని చెప్పుటకే ఈ మాట తెచ్చితిని.

పోచంపాడు ఆనకట్టకు 1963 జులై 26వ తేదీన జవహరలాలు నెహ్రూ శంకుస్థాపన చేసెను. తరువాత దానికి శ్రీరామసాగరమను పేరు వచ్చినది. దాని నీటిచే మన జిల్లాలలో ఎన్ని యెకరములు పచ్చబడినవో మీరెరుగుదురు. ఆ నీటి క్రింద ఇటు ఆదిలాబాదు వైపునను అటు నిజామాబాదు వైపునను పల్లెలు మునిగినవనియు ఎరుగుదురు. జనులు గట్టుమీదికి పోయి క్రొత్త యిండ్లు కట్టుకొనిరి. దేవుళ్లను కొందరు తరలించిరి. చెట్టుక్రింది గద్దెబండను తరలింపవలెనని ఎవరికి తోచును?

2016వ సంవత్సరపు వేసవి కరవు మీకు జ్ఞాపకమున్నది గదా. జలాశయము అడుగంటినది. బాసరకు దిగువ పల్లెలో నొక వృద్ధుడు నాకు పరిచితుడు. అందరును ఆయనను కాకా యని పిలుతురు. తమ పాత యూరి గద్దెపై పులిజూదపు గీతలు చెక్కియుండెననియు, నీరు పోయినది గనుక చూపెదననియు నాకు కబురు చేసెను. తెల్లవారుజామున బయలుదేరితిమి. నెఱ్ఱెలువారిన బురదమీద ఒక కోసెడు నడచితిమి. గోడల మొదళ్లు, తిరుగలి రాయి యొకటి, బావి గట్టు కనబడినవి. కాకా వానివంక చూడక నేరుగ నడచి, చెట్టు లేని చోట చెట్టునకు ప్రదక్షిణము చేయువానివలె తిరిగి, ఒక యెత్తైన చోట కట్టెతో బురద గీకెను.

"గీ బండనే కొడుకా. గిక్కడ్నే మా నాయిన కూసునేటోడు."

తువాలుతో తుడిచి నీళ్లు చల్లగా గీతలు కనబడినవి. ఉలితో తిన్నగా చెక్కిన ముక్కోణము. నడిమి చోట్లలో రాయి గుంటపడి నున్నగా నున్నది. ఆ బండను బండిమీద తెప్పించిన నా గదిలో ఎంత శోభించునో యని నాకు తలంపు కలిగినమాట నిజము. నోరు విడిచి అడిగితిని కూడ.

"తీస్కపోయి ఏంజేస్తవ్? ఊరోళ్లందరు కలిసి మోసుకచ్చిన బండ. ఊరు ఏడుంటె అది ఆడ్నే ఉంటది" అని కాకా తేల్చివేసెను.

ఈసారి నేను కొలతబద్ద తీయలేదు. "మీరే పులులు తీసుకోండి కాకా, ఒక ఆట ఆడుదాము" అంటిని.

"పులులు నాకెందుకు? పులులతోని ఎవడన్న గెలుస్తడు. నువ్వు తీస్కో" అని ఆయన గులకరాళ్లు నాకిచ్చి, తాను పెంకుముక్కలు ఏరుకొనెను.

నాకు తెలిసిన రీతిని శిఖరమునందొక పులిని, దాని క్రింది గీతపై రెండింటిని ముందే నిలుపబోగా కాకా నా చేయి పట్టుకొనెను. వారి యూరి పద్ధతి యట్లు కాదట. మొదట మేక దిగవలెను, పిదప పులి. మరల మేక, మరల పులి. మూడు పులులును ఇట్లు ఒక్కొక్కటిగా, తమకు నచ్చిన చోట దిగవలెను. పదునైదు మేకలును దిగువరకు దిగిన మేక కదలరాదు; పులి మాత్రము దిగిన మరుక్షణము నుండి వేటాడవచ్చును. ఒక్క దూకుడుకు ఒక్క మేకయే. అయిదు మేకలు పోయిన మంద చెదరినట్లు లెక్క, ఆట పులిది. పులిని కట్టినవాడు "కట్టు" అని మూడుమార్లు బండను తట్టవలెను. తట్టుట మరచిన కట్టు చెల్లదు. ఈ పద్ధతినంతయు కాకా చెప్పినది చెప్పినట్లే అక్కడనే వ్రాసికొని, చదివి వినిపించి, ఆయన దిద్దినచోట దిద్దితిని. తట్టుట మూడుమార్లని నేను వ్రాయలేదట. దానికొఱకు రెండవసారి చదివించెను.

మొదటి యాటలో నేను నాలుగు మేకలను చంపితిని. అయిదవదానికై దూకిన పులి మూలకు పోయి చిక్కుకొన్నది. మిగిలిన రెండును ఎట్లు బంధింపబడినవో నాకు తెలియకముందే కాకా బండను మూడుమార్లు తట్టెను. రెండవ యాటలో మేకలు నావి. ఆరవ మేకను దింపకముందే మంద చెదరుటకు సిద్ధమైనది. ఎండ ముదిరినది, తాగుటకు నీరు కొద్దిగనే మిగిలినది. పోదమా కాకా యని యడుగగా ఆయన పెంకుముక్కలను మరల లెక్కపెట్టుచుండెను.

"ఇంకొక్క ఆట" అనెను.

కూర్చుంటిని. ఆ యేటి వానకారులో జలాశయము మరల నిండినది. బండ నీటిక్రింద నున్నది. పద్ధతి వ్రాసిన పుస్తకము నా గదిలో, అవ్వ పీట ప్రక్కన నున్నది.